డిస్పాచర్‌ను తీసేస్తే అంతా సాఫీ అంటున్న ఫార్వర్డ్‌కు జవాబు

హైదరాబాద్ ట్రాన్స్‌పోర్ట్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "రూట్లు, లోడింగ్, డ్రైవర్ల రేటింగ్ అన్నీ ఏఐకి వదిలేయండి. ఆలస్యాలన్నీ మధ్యలో వేలు పెట్టే మనుషుల వల్లే. అమెరికాలో పార్శిల్ కంపెనీ యూపీఎస్ ఇలాగే కోట్లు మిగుల్చుకుంది. యంత్రానికి పక్షపాతం ఉండదు. తేడా వస్తే చూసుకోవడానికి స్క్రీన్ ముందు ఒక్కడుంటే చాలు, మిగతా జీతాలన్నీ లాభమే."

నేను డిస్పాచర్‌ని, అంటే ఏ బండి ఎప్పుడు ఎటు వెళ్లాలో చెప్పే డెస్క్‌లో పనిచేస్తాను. ఏఐ వద్దనేవాడిని కాను. ఏ బండిలో ఏ సరుకు ఏ వరసలో పెట్టాలో అది నిమిషాల్లో తేలుస్తుంది, నాకు గంటలు పట్టేది. కానీ ఈ మెసేజ్ నమ్మి మనుషులను తీసేస్తే నష్టపోయేది డ్రైవర్లు, హమాలీలు, సరుకు కోసం ఎదురుచూసేవాళ్లు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

యూపీఎస్ సంగతి ముందు. ఓరియన్ అనే రూట్ల సాఫ్ట్‌వేర్‌తో ఏడాదికి సుమారు 10 కోట్ల మైళ్ల ప్రయాణం తగ్గిందని ఆ కంపెనీ చెప్పుకుంది, నిజమే. అయితే లెక్క ప్రకారం అతి చిన్న రూటును తొలిరోజుల్లో డ్రైవర్ల చేతిలో పెడితే పని సాగలేదు. మ్యాపులు సరిచేశారు. రూటు రోజుకో రకంగా మారిపోకూడదన్న డ్రైవర్ల మాటనూ లెక్కలో కలిపారు. మనుషులు చెప్పింది విన్నాకే ఆ పొదుపు వచ్చింది.

మనుషులు వేలు పెట్టడం వల్లే ఆలస్యమన్న మాట ఈ ఊళ్లో బండి తిప్పినవాళ్లెవరూ అనరు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగుతుంది, నది మీది లోతట్టు వంతెనల దగ్గర దారి మూసేస్తారు. గట్టి వాన పడితే లింగంపల్లి రైల్వే అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయి. ట్రాఫిక్‌ను చూసి నేర్చుకునే యాప్‌కు ఆ సంగతి చాలాసార్లు ఎప్పుడు తెలుస్తుంది? కొన్ని బళ్లు వెళ్లి ఇరుక్కున్నాక. గేట్లు ఎత్తబోతున్నారన్న వార్త చూసి ముందే ఫోన్ చేసి బండి ఆపేది డిస్పాచరే. నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా ఉండే మళ్లింపులను పోలీసులు ముందుగా ప్రకటిస్తారు. వాటిని చదివి సిస్టమ్‌లో ఎక్కించడానికీ ఒక మనిషి కావాలి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదకు భారీ వాహనాలను రానివ్వరు. కారు కోసం తయారైన మ్యాప్‌ను లారీకి వాడితే ఆ దారే చూపిస్తుంది.

ఇది ఆలస్యంతో పోయే విషయం కూడా కాదు. 2024 నవంబరులో యూపీలో బరేలీ దగ్గర, రామ్‌గంగ మీద సగంలో తెగిపోయిన వంతెన పైనుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు నావిగేషన్ చూపిన దారిలో వెళ్లారని పోలీసులు చెప్పారు. వంతెన కొంత భాగం వరదకు కొట్టుకుపోయిన సంగతి మ్యాప్‌లో ఎక్కలేదు. సరైన అడ్డు పెట్టకపోవడం అధికారుల తప్పే, ఒప్పుకుంటాను. అయినా ఆ దారి తెలిసిన మనిషి ఒక్కడు "అటు వెళ్లకండి" అని ఉంటే ఆ ముగ్గురూ బతికేవాళ్లు.

అడ్రస్‌ల మాట క్లుప్తంగా. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి 2025లో డిజిపిన్ అనే డిజిటల్ అడ్రస్ తెచ్చింది. దాదాపు 4 మీటర్ల చదరానికి ఒక పది అక్షరాల కోడ్. మంచి పని. కానీ ఆ కోడ్ ఏ అంతస్తో చెప్పదు, వాచ్‌మన్ లోపలికి వదులుతాడో లేదో చెప్పదు.

యంత్రానికి పక్షపాతం లేదన్న మాట నన్ను అన్నిటికంటే బాధపెడుతుంది. గచ్చిబౌలిలో పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లే డెలివరీ కుర్రాడు గేటు దగ్గర ఎంట్రీ రాసి, లిఫ్ట్ కోసం నిలబడాలి. పాతబస్తీ సందుల్లోకి వెళ్లేవాడు బండి బయట ఆపి నడవాలి. లెక్కలో గేటు లేదు, సందు లేదు, నిమిషాలే ఉన్నాయి. రేటింగ్ పడిపోతుంది, మంచి ఆర్డర్లు రావు, ఒకరోజు ఐడీ ఆగిపోతుంది. "ఎందుకన్నా?" అని అడిగితే జవాబు చెప్పే మనిషే ఉండడు. యూరోపియన్ యూనియన్ 2024లో ప్లాట్‌ఫారం కార్మికుల (యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ల) కోసం చేసిన నిబంధనలు ఖాతా ఆపడం, పనిలోంచి తీసేయడం లాంటి నిర్ణయాలు మనిషే తీసుకోవాలని చెబుతున్నాయి. మన కుర్రాళ్లకూ ఆ రక్షణ కావాలి.

కంప్యూటర్ చెప్పిందే నిజమనుకుంటే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసులు చూపించాయి. 1999 నుంచి 2015 దాకా హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ చూపిన డబ్బు లోటును నమ్మి, పోస్టాఫీసు పెట్టిన కేసులు, ఇతర సంస్థలు పెట్టినవీ కలిపి 900 మందికి పైగా పోస్ట్‌మాస్టర్లను దోషులుగా తేల్చారు. అది ఏఐ కూడా కాదు. తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉందని వాళ్లు మొత్తుకుంటే వినే అధికారం ఉన్నవాళ్లు వినలేదు.

ఇక స్క్రీన్ ముందు ఒక్కడు. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు 1983లోనే హెచ్చరించారు: మామూలు పని యంత్రానికిచ్చి, కష్టమైన ఘడియలు మాత్రం మనిషికి వదిలితే, చేయక చేయక అతని నైపుణ్యమే తగ్గిపోతుందని. వందల బళ్ల అలారాలు ఒక్కడి ముందు మోగుతుంటే అతను చేసేది ఓకే నొక్కడమే. టీకా కంపెనీలున్న శామీర్‌పేట వైపు నుంచి వెళ్లే టీకాల్లో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కొన్ని గడ్డకడితే పనికిరావు. రాత్రి ఆ బండిలో అలారం మోగినప్పుడు సరుకు ఆపాలా, కదిలించాలా అని తేల్చే మనిషికి టెంపరేచర్ రికార్డు చదవడం రావాలి. బండి ఆపే అధికారం ఉండాలి. ఆపినందుకు మర్నాడు టార్గెట్ తప్పావని మెమో రాకూడదు.

జీతాలు మిగలడం గురించి ఒక్క మాట. తప్పు రూటులో వెళ్లి వెనక్కొచ్చిన లోడుకు డీజిల్ రెండుసార్లు, హమాలీ రెండుసార్లు. ఆ ఖర్చునూ డిస్పాచర్ జీతాన్నీ పక్కపక్కన రాసి ఈ మెసేజ్ పంపినవాళ్లు ఒక నెల లెక్క చూపించాలి.