ప్యాకెట్ మీది రాత పిల్లలకు అర్థమవుతుంది

విశాఖపట్నంలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. ప్రాథమిక పాఠశాలలో ఆహార ప్యాకెట్ల మీది రాత చదవడం గురించి పాఠం చెప్పడం దండగ అని దాని సారాంశం. పిల్లలకు ఆ లెక్కలు అర్థం కావట, లైసెన్సున్న ప్యాకెట్ ఎలాగూ మంచిదేనట, చదివినంత మాత్రాన తిండి మారదట. ఈ మూడింటిలో చివరిదానిలోనే కొంత నిజం ఉంది.

అర్థం కావన్నది పూర్తిగా తప్పు. దినుసులను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు ముద్రించాలన్నది నియమం. మొదటి మూడు పేర్లు మైదా, చక్కెర, పామాయిల్ అయితే ఆ బిస్కెట్‌లో ఏమి ఎక్కువుందో మూడో తరగతి పిల్లవాడు చెప్పగలడు. 100 గ్రాముల్లో 25 గ్రాముల చక్కెర ఉంటే 60 గ్రాముల ప్యాకెట్‌లో ఎంత? ఐదో తరగతి లెక్క ఇది. జవాబు 15 గ్రాములు, అంటే మూడు నాలుగు చెంచాలు. గ్లాసులో పోసి చూపిస్తే ఆ పాఠం మరచిపోరు. ఉప్పు దగ్గర మాత్రం టీచరు సాయం కావాలి. ప్యాకెట్ మీది పోషకాల పట్టికలో సోడియం అని ఉంటుంది, దాన్ని రెండున్నరతో హెచ్చవేయాలి: 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. రోజువారీ అవసరంలో ఇంత శాతం అని వేసేది కూడా 2000 కిలోకేలరీలు తినే పెద్దవాళ్ల లెక్క. ఎనిమిదేళ్ల పాపకు ఆ శాతం ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులే ఎక్కువ. పిల్లలు ఇంటికి వచ్చి చెబితే మేలే కదా!

ఇక లైసెన్సు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు తయారీదారుకు అనుమతి ఉందని చెబుతుంది, రోజూ తినదగిన తిండి అని చెప్పదు. ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. ప్యాకెట్‌లో దుమ్ము, ఈగలు చేరవు, నిజమే. కానీ అంతమాత్రాన లోపలిది మంచిదైపోదు. చిప్స్ సంచిలో నైట్రోజన్ నింపేది నూనె కంపు కొట్టకుండా, ముక్కలు విరగకుండా ఉండడానికి. దానివల్ల ఉప్పు తగ్గదు. పైగా ప్లాస్టిక్ పొరలకు లోహపు పొర అతుక్కున్న ఆ సంచిని మళ్లీ వాడకానికి మలచడం కష్టం. ఆర్కే బీచ్‌లో గాలికి కొట్టుకుపోయే చెత్తలో అదీ ఉంటుంది.

చదివినంత మాత్రాన అలవాటు మారదన్న మాట కొంతవరకు ఒప్పుకుంటాను. గేటు ఎదుట బడ్డీకొట్టులో దండల్లా వేలాడే ప్యాకెట్లను పాఠం ఒక్కటే గెలవలేదు. అందుకే కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా పిల్లలకు అమ్మకూడదని 2020లో నిబంధనలు వచ్చాయి. ఇంట్లో కూడా ప్యాకెట్‌కు బదులు ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. చోడి (రాగి) అంబలి, ఉడికించిన శనగలు, జామకాయ మన వైపు దొరకనివి కావు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో పాఠం ఆపమని అడగకండి, ఆ 50 మీటర్ల నిబంధన ఎందుకు అమలు కావడం లేదో అడగండి.