ప్రాసెసర్ లేని కంప్యూటర్

నిన్న జరిగింది. మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇవాళే రాస్తున్నాను.

నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర నాకో చిన్న డీటీపీ షాపు. అందులో 2010లో కొన్న అసెంబుల్డ్ సిస్టం. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ దాంట్లోనే కుదురుకున్నాయి, మార్చాలంటే భయం. కానీ శ్రావణం ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి. ఫొటోషాప్‌లో పెండ్లికొడుకు ఫొటో తెరుచుకునేలోపు నేను చాయ్ తాగి రావచ్చు. పాత ప్రాసెసర్ అథ్లాన్ టూ ఎక్స్‌టూ తీసేసి ఫినామ్ టూ ఎక్స్‌ఫోర్ పెడితే రెండు కోర్లు నాలుగవుతాయి, రెండూ కూర్చునే గూడు, అంటే సాకెట్, ఒకటే ఏఎం3 అని తెలుసుకుని, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీకి పోయి సెకండ్ హ్యాండ్‌ది పన్నెండు వందలకు తెచ్చాను. వీడియో కూడా చూశాను. ప్రాసెసర్ మీద దాన్ని చల్లబరిచే కూలర్ కూర్చుని ఉంటుంది. "కూలర్‌ను మెల్లగా తీసేయండి" అన్నాడు అందులో పిల్లవాడు. తీసేశాడు. రెండు సెకన్లు.

నాకు నలభై నిమిషాలు. క్లిప్పు వదిలింది గానీ కూలర్ వదల్లేదు. చివరికి కాలు టేబుల్‌కు తన్నిపెట్టి రెండు చేతులా గుంజాను. టప్పుమంది. కూలర్ చేతిలోకి వచ్చింది, నేను కుర్చీలోకి పోయాను.

లేచి సాకెట్‌లోకి తొంగి చూస్తే చిన్న చిన్న బొక్కలు తప్ప ఏమీ లేదు. ప్రాసెసరే లేదు.

బుద్ధున్న మనిషైతే ఎక్కడో ఎగిరి పడిందేమో అనుకుంటాడు. నేను, అసలు పెట్టనే లేదనుకున్నాను. బిల్లులో ప్రాసెసర్ డబ్బులు వేసుకుని, ఖాళీ డబ్బా అంటగట్టాడన్నమాట! ఇన్నేళ్లు ఇది ఇంత స్లోగా ఎందుకు నడిచిందో నాకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది.

ఈ సిస్టం బిగించిచ్చిన తమ్ముడి మీద నాకు పాత కోపం ఉంది. ఎప్పుడు ఫోన్ చేసినా "పది నిమిషాల్ల వస్తున్న అన్నా" అంటాడు. ఒకసారి ఆ పది నిమిషాలు మూడు రోజులు పట్టాయి. వచ్చి స్క్రూలు విప్పుతాడు, దుమ్ము ఊదుతాడు, ఐదు వందలు తీసుకుంటాడు. ఊదుడుకు ఐదు వందలు! ఇప్పుడు దొరికాడనుకుని ఫోన్ కలిపాను. నలుగురు సాక్షులుండాలి గనుక స్పీకర్ ఆన్ చేశాను.

"తమ్మీ, నాకు ప్రాసెసర్ లేని సిస్టం అమ్మినవ్."

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు.

"ప్రాసెసర్ లేకుంటే ఇన్నేండ్లు ఎట్ల నడిచిందన్నా?"

"గదే నేను అడుగుతున్న. ఎట్ల నడిపించినవ్?"

"నడిపించింది నువ్వు గదనే."

బిల్లుంది, కన్స్యూమర్ కోర్టుకు పోతానన్నాను. బిల్లు లేదు. చేతిలో కూలర్‌ను భీముడి గదలా ఆడిస్తూ అరుస్తున్నాను. శుభలేఖ ప్రూఫ్ కోసం కూర్చున్న కనగల్ పెద్దాయన తల ఆ కూలర్‌తో పాటే అటూ ఇటూ తిరుగుతోంది.

"సారూ," అన్నాడు మెల్లగా, "నీ చేతిలున్నదాని కింద ఏందో బిళ్ల అతుక్కున్నది సూడు."

తిప్పి చూశాను. 938 పిన్నులతో ప్రాసెసర్ అక్కడ గబ్బిలంలా వేలాడుతోంది. ఒక మూల పిన్నులు గాలివానకు పడ్డ వరిచేనులా ఒరిగిపోయాయి. స్పీకర్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు పదిహేనేళ్లకు ఎండి, పెంకకు మాడిన జొన్నరొట్టెలా పట్టేసిందట. ఈ రకం సాకెట్‌కు పైన మూత ఉండదు, పక్కనున్న లీవర్ పిన్నుల్ని బిగించి పట్టుకోవడమే. నాలాంటివాడు గుంజితే పేస్టే గెలుస్తుంది. ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి, పేస్టు వేడెక్కాక ఆఫ్ చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెలితిప్పి తీయాలట. ఈ ముక్క చెప్పడానికి ఆ వీడియో పిల్లవాడికి టైం లేదు. బెల్ గుర్తు నొక్కమనడానికి మాత్రం మూడుసార్లు దొరికింది.

కొత్తది పెట్టాను. ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ వెలగలేదు. పానగల్లు ఛాయా సోమేశ్వరుడి మీద నీడలాగ ఆ నలుపు పొద్దంతా కదల్లేదు. ప్రూఫ్ సంగతి రేపు చూద్దామని పెద్దాయన లేచిపోయాడు. సాయంత్రానికి ఆ తమ్ముణ్ణే పిలవాల్సి వచ్చింది. నిన్న మాత్రం నిజంగా పది నిమిషాల్లోనే వచ్చాడు. వెంట ఇద్దరు దోస్తుల్ని కూడా తెచ్చుకున్నాడు. నా గుంజుడుకు కదిలిన ర్యామ్‌ను తీసి, ఊది, మళ్లీ నొక్కాడు. వెలిగింది. ఐదు వందలు.

ఇవాళ పొద్దున కనగల్ నుంచి ఇంకొకాయన వచ్చాడు. గడపలోనే నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

"లోపల ఏం లేకుండనే కంప్యూటర్ నడిపే సారు నువ్వేనా?"

ఆధార్ జిరాక్స్ కావాలట. రెండు కాపీలు తీసిచ్చాను.