రోహిణి కార్తెలో రిమోట్

గోడమీద రెగ్యులేటర్ ఉన్నంతకాలం మా ఇంట్లో సీలింగ్ ఫ్యాను గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. పాత ఫ్యాను సుమారు 75 వాట్ల కరెంటు తాగుతుందనీ, కొత్తరకం బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 వాట్లు అటూఇటూగా సరిపెట్టుకుంటుందనీ లెక్కవేసి, రెండేళ్ళ క్రితం హాల్లోనూ పడకగదిలోనూ ఒకే రకం ఫ్యాన్లు రెండు నేనే బిగింపించాను. వేగం సంగతి లోపలి సర్క్యూటే చూసుకుంటుంది కనుక రెగ్యులేటర్ ఉండకూడదని చెప్పి, ఎలక్ట్రీషియన్ గోడమీది బుడిపెను పీకి, ఆ కన్నానికి తెల్లని ప్లాస్టిక్ బిళ్ళ బిగించాడు. కాలువ లాకుల దగ్గర ఉద్యోగం చేసి విరమించిన మా నాన్నగారు ఆ బిళ్ళకేసి చాలాసేపు చూశారు.

"1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసింది మొదలు గోదారినే చక్రం తిప్పి పంచుకుంటున్నాం. ఇంత గాలి పంచుకోడానికి చక్రం పనికిరాలేదురా నీకు?" అన్నారు.

ఆ మాట ఈ ఏడు రోహిణి కార్తెలో తగిలింది. కాలువలు కట్టేసి, కొబ్బరాకు కదలక, ఒంటికి చొక్కా అతుక్కుపోతున్న మధ్యాహ్నం హాలు రిమోట్ పలకడం మానేసింది. తెల్లవారుజామున కాస్త చల్లబడినప్పుడు ఎవరో ఒకటో నంబరు నొక్కి వదిలేశారట. ఆపిన వేగాన్ని గుర్తుంచుకోవడం ఆ ఫ్యానుకున్న సుగుణం కనుక, స్విచ్చి ఎన్నిసార్లు ఆపి వేసినా అది ఒకటో నంబరులోనే, ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా తాపీగా తిరిగింది.

మొదటి వైద్యం నాన్నగారు చేశారు. ట్రాన్సిస్టర్ రేడియో కాలం నాటి అనుభవంతో సెల్లులు రెండూ ఊడదీసి, అరచేతిలో తాటించి, డాబామీద మాగాయ ముక్కల పక్కన ఎండబెట్టారు. సాయంత్రానికి మాగాయ ముక్కలు మాత్రం చక్కగా ఎండాయి. గోడ గడియారంలోని సెల్లు తీసి చూస్తే, అది లావు, రిమోట్‌ది సన్నం. తిరిగి పెట్టడం మరచిపోవడంతో మరునాడంతా మా ఇంట్లో ఐదుంపావే అయింది.

కొత్త సెల్లులకూ ఫలితం లేకపోయాక నేను రంగంలోకి దిగాను. రిమోట్ ముక్కున ఉండే చిన్న బల్బు పంపే కిరణం కంటికి కనబడదు గాని, ఫోను కెమెరాలోంచి చూస్తూ మీట నొక్కితే ఊదారంగు చుక్కలా మెరుస్తుంది. హాలు రిమోట్‌లో ఆ చుక్క లేదు. పడకగది రిమోట్‌లో మెరిసింది. కాబట్టి రోగం ఫ్యానుది కాదు, రిమోట్‌దేనని తేల్చి మూత తీసి చూశాను. రెండేళ్ళుగా మార్చకుండా ఉంచిన పాత సెల్లు ఎప్పుడో కారిపోయి, స్ప్రింగు చుట్టూ తెల్లని ఉప్పు, దాని అంచున పచ్చని చిలుము పట్టి ఉన్నాయి. నిమ్మరసంలో ముంచిన పుల్లతో ఆ ఒక్క స్ప్రింగునూ తుడిచి ఆరబెడితే సరిపోయేదే. కాని "చిలుము" అన్న మాట నా నోటినుంచి గట్టిగా వచ్చింది, వంటింట్లో మా అమ్మ విన్నది. నేను నిమ్మకాయ కోసం పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి, ఇత్తడి కుందులతో పాటు రిమోట్‌ను కూడా చింతపండు పెట్టి తోమి, మూడు నీళ్ళు కడిగి, గట్టుమీద బోర్లించింది.

నిజం చెప్పాలంటే అది కొన్ననాడు కూడా అంత తళతళలాడలేదు.

ఇక కొత్తది కొనక తప్పలేదు. అమలాపురం దుకాణదారు, "మోడల్ నంబరు లేకుండా రిమోట్ ఇమ్మంటే ఎలాగండీ? పెళ్ళికూతురి పేరు చెప్పకుండా శుభలేఖ అచ్చెయ్యమన్నట్టుంది" అన్నాడు. ఆ నంబరు ఫ్యాను నెత్తిమీద అంటించి ఉంటుంది గనుక, ఇంటికి తిరిగొచ్చి, నిచ్చెన ఎక్కి, రెండేళ్ళ దుమ్ము తుడిచి, ఫోటో తీసి, మళ్ళీ బస్సెక్కాను.

రిమోట్ వచ్చింది గాని, దానిని ఫ్యానుకు పరిచయం చేయాలట. స్విచ్చి ఆపి, మళ్ళీ వేసిన కొద్ది సెకన్లలోపే మీట నొక్కి పట్టుకుంటే ఫ్యాను కుయ్‌మని ఒప్పుకుంటుందని కాగితంలో రాసి ఉంది. స్విచ్చి దగ్గర నాన్నగారు, ఫ్యాను కింద నేను నిలబడ్డాం. లాకు తలుపు ఎత్తే ముందు పడవవాళ్ళను హెచ్చరించిన అలవాటు కొద్దీ ఆయన "ఎత్తుతున్నానహో!" అని కేకవేసి, అటూ ఇటూ చూసి, కాసేపాగి స్విచ్చి వేసేవారు. ఆ కేకకే నేను నొక్కేసి, వేలు నొప్పెట్టి వదిలేసేవాణ్ణి. ఇలా పదకొండుసార్లు జరిగాక కరెంటు పోయింది.

అందరం తాటాకు విసనకర్రలు పుచ్చుకుని అరుగుమీదికి చేరాం. ఆరేళ్ళ మా అబ్బాయి మాత్రం పడకగది గుమ్మంలో నిలబడి కొత్త రిమోట్‌తో ఆడుకుంటున్నాడు. "గడపమీద నిలబడకూడదు నాన్నా" అని మా అమ్మ రెండుసార్లు చెప్పింది. వాడు వినలేదు, మీటమీద వేలూ తీయలేదు. అంతలో కరెంటు వచ్చింది. ఇంట్లోంచి కుయ్‌మని ఒకటి, దాని వెనకే మరొకటి వినిపించాయి.

ఆ రెండో కుయ్ ఎక్కడిదో రాత్రి పదింటికి తెలిసింది. నాన్నగారు హాల్లో మడత మంచం వేసుకుని, దర్జాగా ఐదో నంబరు నొక్కారు. తెరిచి ఉన్న తలుపు గుండా పడకగదిలోంచి మోకాళ్ళ నొప్పుల మా అమ్మ గొంతు వచ్చింది. "ఏవండోయ్, ఎవరది నా ఫ్యాను పెంచింది? ఒకటికి తిప్పండి!"

"తిప్పడానికేముందే, బుడిపె పీకేశాడుగా నీ కొడుకు" అంటూ ఆయన దుప్పటి లాగి గదిలోకి విసిరారు.