పాజిటివ్ అంటే అంటిస్తున్నట్టేనా?

కరోనాతో ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్ల ఒంట్లోంచి వైరస్ ఎన్నాళ్లు బయటికి వస్తుంది? వాళ్ల ఐసోలేషన్ ఎప్పుడు ఎత్తేయాలి? దీని మీద చదివిన లెక్కలూ వాదనలూ కలిపి ఇద్దరి నోట పెట్టాను. ఆయన వైరాలజీ ల్యాబ్ డాక్టరు, ఆవిడ ఐసీయూ డాక్టరు. "రోజులు లెక్కపెడితే చాలు, నెగటివ్ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు" అని ఆయన వాదన. ఆవిడ ఒప్పుకోరు.

ఐసీయూ: లక్షణాలు మొదలైన పదహారో రోజు కూడా రిపోర్టు పాజిటివ్ వస్తుంటే గది తలుపు తీసేయమంటారేంటి సార్? నిప్పు లేనిదే పొగ రాదు కదా.

ల్యాబ్: పొగ అయితే ఒప్పుకుందును మేడమ్. మీకు దొరుకుతున్నది బూడిద. ఆర్‌టీ-పీసీఆర్ వైరస్ బతికుందా అని చూడదు, దాని ఆర్‌ఎన్‌ఏ (జన్యుపదార్థం) ముక్క ఉందా అనే చూస్తుంది. చచ్చిన కణాలు రాలిపోతున్నన్నాళ్లూ ఆ ముక్కలు దొరుకుతూనే ఉంటాయి.

ఐసీయూ: 2020 మొదట్లో వూహాన్‌లో రెండు ఆసుపత్రుల్లోని 191 మంది లెక్క చూశారుగా. కోలుకున్నవాళ్లలో మధ్యస్థంగా 20 రోజులు వైరస్ కనబడింది. ఒకరికైతే 37 రోజులు. చనిపోయినవాళ్లలో చివరి దాకా ఉంది. ఇంత తెలిసీ లక్షణాలు మొదలైన పది రోజులకే ఐసోలేషన్ ఎత్తేయమంటే భయమేయదా?

ల్యాబ్: ఆ 20 రోజులు పీసీఆర్ చెప్పిన 20 రోజులు. కనబడింది ఆర్‌ఎన్‌ఏ. అదే ఏడాది మ్యూనిక్‌లో తొమ్మిది మంది పేషెంట్ల శాంపిల్స్ కల్చర్ పెట్టి, అంటే బతికున్న కణాల మీద వేసి వైరస్ పెరుగుతుందా అని చూశారు. లక్షణాలు మొదలైన ఎనిమిదో రోజు తర్వాత తీసిన ఒక్క శాంపిల్‌లోనూ వైరస్ పెరగలేదు. పీసీఆర్‌లో మాత్రం ఆర్‌ఎన్‌ఏ దండిగా ఉంది.

మీరొకసారి మైక్రోస్కోపులో చూస్తే నా మాట నమ్ముతారు. కోతి కిడ్నీ నుంచి వచ్చిన వీరో కణాలు ఫ్లాస్కు అడుగున చాప పరిచినట్టు అతుక్కుని ఉంటాయి. బతికున్న వైరస్ పడిందా, కొద్ది రోజుల్లోనే అంచులు ముడుచుకుని ఉండలు కట్టి, ఒక్కొక్కటే ఊడి పైకి తేలతాయి. చాపకి అక్కడక్కడా చిల్లులు పడ్డట్టుంటుంది. ఇక ఆలస్యంగా తీసిన స్వాబ్ వేసిన ఫ్లాస్కు చూడండి, చాలాసార్లు చాప చెక్కుచెదరదు. అదే స్వాబ్‌కి మీ చేతికి పాజిటివ్ రిపోర్టు వస్తుంది.

ఐసీయూ: మ్యూనిక్‌లో ఉన్నవాళ్లు తేలికపాటి జబ్బుతో ఉన్నవాళ్లు సార్. వాళ్ల లెక్క తెచ్చి నా వార్డుకి అతికించకండి. నా పేషెంటు గొంతులో గొట్టం ఉంటుంది. నర్సు సక్షన్ పెట్టినప్పుడు కఫం తీగలా సాగుతూ చిన్న సీసాలోకి దిగుతుంది, పేషెంటు ఒళ్లంతా కుదిపేసే దగ్గు వస్తుంది. ఆ సమయానికి నర్సు మొహం మంచానికి మూరెడు దూరంలో ఉంటుంది. ముక్కు స్వాబ్ నెగటివ్ వచ్చిన రోజునే ఆ సీసాలోది పాజిటివ్ వస్తుంది. ఊపిరితిత్తుల అడుగున ఏం జరుగుతోందో ముక్కు చెప్పదు.

ల్యాబ్: సరే, మీలాంటి వార్డు లెక్కే చెబుతాను. రోటర్‌డామ్‌లో ఆసుపత్రిలో చేరిన 129 మందిని చూశారు, ఎక్కువ మంది ఐసీయూ వాళ్లే. బతికున్న వైరస్ బయటికి వచ్చిన కాలం మధ్యస్థంగా 8 రోజులే. పదిహేను రోజులు దాటాక కల్చర్‌లో వైరస్ దొరికే అవకాశం 5 శాతం లోపుకి పడిపోయింది. ఒంట్లో వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు తయారైనవాళ్లలో ఆ అవకాశం ఇంకా బాగా తక్కువ. ఇదంతా రోజుల లెక్కే కదా. కావాలంటే పది బదులు పదిహేను అనండి, ఇరవై అనండి.

ఐసీయూ: ఆ చదువులోనే ఇరవయ్యో రోజు దాకా బతికున్న వైరస్ దొరికిన సంగతీ ఉంది. 5 శాతమంటే ఇరవైకి ఒకటి. ఆ ఒక్కటి ఎవరి గదో ముందే తెలిస్తే నాకు టెన్షన్ ఉండదు. తెలియదు కదా.

ల్యాబ్: తెలుసుకోడానికి కొంత దారి ఉంది. రిపోర్టులో పాజిటివ్ అన్న మాట దగ్గరే ఆగిపోకుండా సీటీ వాల్యూ చూడండి. వైరస్ ముక్కల్ని రెట్టింపు చేసుకుంటూ పోయే మిషనుకి ఎన్ని సైకిళ్లకి ఆనవాలు దొరికిందో ఆ అంకె చెబుతుంది. అంకె పెద్దదైన కొద్దీ వైరస్ తక్కువ. 18కి, 31కి మధ్య తేడా 13 సైకిళ్లు. సైకిల్‌కి రెట్టింపు చొప్పున వేసుకుంటే ఎనిమిది వేల రెట్లు! రిపోర్టులో మాత్రం రెండింటికీ ఒకటే మాట రాస్తారు.

ఐసీయూ: స్వాబ్ సరిగ్గా లోపలి దాకా పెట్టకపోయినా 31 వస్తుంది. మిషను మారితే అంకె మారుతుంది. కల్చర్ సంగతీ అంతే. శాంపిల్ దారిలో వేడెక్కితే వైరస్ చచ్చిపోతుంది, మీ ఫ్లాస్కు నున్నగానే ఉంటుంది. వైరస్ పెరగలేదంటే లేదనా, మనం పట్టుకోలేకపోయామనా?

ల్యాబ్: న్యాయమైన మాటే. కల్చర్ ఒక్కటే అయితే నేనూ ఇంత గట్టిగా చెప్పను. మనుషుల లెక్క కూడా ఉంది. దక్షిణ కొరియాలో కోలుకుని వెళ్లాక మళ్లీ పాజిటివ్ వచ్చిన 285 మందిని, వాళ్లతో మసిలిన 790 మందిని వెతికి వెతికి చూశారు. వాళ్ల వల్లే సోకిందని తేలిన కేసు ఒక్కటీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మొదట 24 గంటల తేడాతో రెండు నెగటివ్‌లు ఉండాలంది. 2020 మే నెలాఖర్లో దాన్ని పక్కనపెట్టి, లక్షణాలు మొదలయ్యాక పది రోజులు, ఆపైన లక్షణాల్లేకుండా కనీసం మూడు రోజులు అని మార్చింది.

ఐసీయూ: అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ అయితే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి 20 రోజుల దాకా పెంచుకోవచ్చంది, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల సంగతి విడిగా చూడమంది. అది ఊరికే అన్నారా?

చదివిన ఒక కేసు చెబుతాను. 71 ఏళ్ల ఆవిడ, రక్త కేన్సర్. కరోనా లక్షణం ఒక్కటీ లేదు. ఆమె శాంపిల్స్‌లో 70 రోజుల దాకా బతికున్న వైరస్ దొరికింది, ఆర్‌ఎన్‌ఏ 105 రోజుల దాకా. మీ రూలు "లక్షణాలు మొదలైన రోజు నుంచి" అని కదా మొదలవుతుంది? ఆవిడకి ఆ రోజే లేదు. ఎక్కడి నుంచి లెక్కపెడతారు సార్?

(మధ్యలో నా మాట. మొదటి నుంచీ నా మొగ్గు ల్యాబ్ వైపే. ఒక మనిషిని బూడిద చూసి వారాల తరబడి అద్దాల గదిలో ఉంచడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. కానీ ఈ ప్రశ్న దగ్గర ఆయన పక్షాన ఎంత వెతికినా నాకు జవాబు దొరకలేదు. అందుకే ఆయన చేత ఒప్పించాను.)

ల్యాబ్: ఆవిడకి నా రూలు పనికిరాదు. కీమో తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, యాంటీబాడీలు తయారుకానివాళ్లు, వీళ్లకి పరీక్షే గతి. అది వదిలేసుకున్నాను.

కానీ మీరు కాపలా కాస్తున్న రోజు గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. 2003 నాటి ఇంకో కరోనా జబ్బు సార్స్‌లో వైరస్ పదో రోజు ప్రాంతంలో పతాక స్థాయికి చేరేది. అప్పటికి పేషెంటు ఆసుపత్రిలో ఉండేవాడు, అందుకే వార్డుల్లో అంతలా పాకింది. కోవిడ్ అలా కాదు. లక్షణాలు మొదలయ్యే వేళకే, కొందరిలో అంతకుముందే, అంటించే శక్తి శిఖరాన ఉంటుంది. ఆయాసం వచ్చి మీ దగ్గరికి చేరేసరికి చాలామందికి వారం గడిచిపోతుంది. మీ నర్సుకి అసలు ప్రమాదం దగ్గు నిన్న మొదలై ఇవాళ వేరే జబ్బుకి అడ్మిట్ అయిన మనిషి దగ్గర. అతనికి ఇంకా టెస్టే చేసి ఉండరు.

ఐసీయూ: అది నిజమే. కాదనను. మా వాళ్లకి జబ్బు అంటిన కథలు విన్నప్పుడల్లా అలాంటి పేషెంటే గుర్తొస్తాడు. అయినా ఇప్పుడు నా గదిలో ఉన్నాయన సంగతి చెప్పండి. పదహారో రోజు. వెంటిలేటర్ మీద ఉన్నాడు, స్టెరాయిడ్ నడుస్తోంది. సార్స్ లాంటిదే అయిన మెర్స్‌లో స్టెరాయిడ్ పడ్డవాళ్లకి వైరస్ ఆలస్యంగా పోయిందని చదివాను, అదో గుబులు.

ల్యాబ్: కీమో? ట్రాన్స్‌ప్లాంటు?

ఐసీయూ: ఏమీ లేవు.

ల్యాబ్: యాంటీబాడీలు చూశారా?

ఐసీయూ: పంపలేదు.

ల్యాబ్: ఇవాళే పంపండి. ముక్కు స్వాబ్ వద్దు, ఆ సీసాలోని కఫమే పంపండి, ఐస్‌లో పెట్టి. సీటీ వాల్యూ నేనే ఫోన్ చేసి చెబుతాను. అది ఎక్కువగా ఉండి, యాంటీబాడీలు కనబడితే తలుపు తీద్దాం. లేకపోతే ఇరవయ్యో రోజు దాకా మూసే ఉంచండి, నేను అడ్డు చెప్పను.

ఐసీయూ: వాళ్లబ్బాయి రోజూ వచ్చి అద్దం బయట నిలబడి వెళ్తున్నాడు.

ల్యాబ్: దానికి నా రిపోర్టు దాకా ఆగడమెందుకు మేడమ్? మీ నర్సు లోపలికి వెళ్లినట్టే వెళ్తాడు. గౌను, గ్లవ్స్, ఎన్-95 ఇచ్చి, ఎలా వేసుకోవాలో, ముఖ్యంగా ఎలా తీయాలో పక్కన నిలబడి చూపించండి. సక్షన్ టైము కాకుండా చూసి పంపండి.

ఐసీయూ: నాలుగింటికి సక్షన్ అయిపోతుంది. అయిదింటికి రమ్మంటాను.