సవరణ: ఈసీ ‘నిల్’ వచ్చినంత మాత్రాన సరిపోదు

పద్మారావునగర్‌లో అమ్మకానికొచ్చిన పాత డాబా ఇంటి గురించి మొన్న రాస్తూ, "ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) నిల్, అంటే ఏ లావాదేవీ లేదని వచ్చింది, కాబట్టి తాకట్టు గొడవలేవీ లేనట్టే, ఇక చూసుకోవాల్సింది రిపేరు ఖర్చే" అన్నాను. అది తప్పు.

ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. నోటరీ అగ్రిమెంటు, అన్నదమ్ములు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం, రిజిస్ట్రేషన్ లేకుండా దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు, ఇవేవీ అందులోకి ఎక్కవు. బ్యాంకు తాకట్టుల కోసం సెర్సాయ్‌లో, అంటే బ్యాంకులు తాకట్టులు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీలో, విడిగా వెతకాలి. కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. ఇంటిపన్ను బకాయి పీటీఐఎన్ (ఇంటిపన్ను గుర్తింపు) నంబరుతో తెలుస్తుంది.

పైగా ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే. ఈ ఇల్లేమో అంతకు ముందు కట్టింది! ఆ పాత వివరాలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో విడిగా అప్లై చేసుకోవాల్సిందే. ఆస్తి కేసులు చూసే ఒక లాయరు చెప్పాక, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనూ సరిచూసుకున్నాను.

రిపేరు సంగతిలో మార్పేమీ లేదు. వంటింటి స్లాబు పెచ్చులూడి తుప్పు చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి, పైపైన ప్లాస్టరు పూస్తే ఆగదు అన్నాను. దాన్ని కొందరు "కొనొద్దంటున్నాడు" అని చదువుకున్నారు. ఆ మాట అనలేదు, ధర తగ్గించి అడగమన్నానంతే.

లింకు డాక్యుమెంట్ల (ఇల్లు ఇంతకు ముందు చేతులు మారిన దస్తావేజుల) జిరాక్సులు ఇస్తామని ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. లాయరు అవి చూసేదాకా అడ్వాన్సు మాట ఎత్తను.