లుంగీలో లెగ్‌బై ఇవ్వరాదు

సంక్రాంతి కప్పు, వేసవి కప్పు, ఎవరో ఒకరి జ్ఞాపకార్థం కప్పు. టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంటు లేని ఊరు లేదు. ఎంట్రీ ఫీజు ఎంతో పాంప్లెట్‌లో ఉంటుంది, ఫస్ట్ ప్రైజు ఎవరిదో ఫ్లెక్సీలో ఉంటుంది, మధ్యాహ్నం బిర్యానీ ఉందో లేదో మైకులో చెబుతారు. అంపైర్ ఎవరన్నది మాత్రం టాస్ వేశాక గుర్తొస్తుంది. అప్పుడు చెట్టుకింద ఖాళీగా నిలబడ్డవాడిని పట్టుకొచ్చి "అన్నా, రెండు ఓవర్లు నిలబడవా" అంటారు. ఆ అన్న సాయంత్రం దాకా నిలబడతాడు. ఇంతటి పదవికి ఒక నియమావళి లేకపోవడం శోచనీయం. సదరు లోటును పూరించే సదుద్దేశంతో ఈ సూచనలు.

ముందుగా చొక్కా. అంపైర్ వేసుకునే చొక్కా బ్యాట్స్‌మన్ కోసం. బౌలర్ వికెట్లకు దగ్గరగా వచ్చి వేస్తే, బంతి చేతిలోంచి వదిలే క్షణంలో దాని వెనక కనబడేది అంపైర్ ఛాతీ, లేదా ఆయన టోపీ. అంటే ఆయన నిలువెత్తు సైట్‌స్క్రీన్. ఎర్రబంతి ఆటకు తెల్లకోటు, లేతరంగు చొక్కా, తెల్లబంతి ఆటకు ముదురు రంగు చొక్కా వేసుకునేది ఇందుకే. మన బంతి నిమ్మపండు రంగు. కాబట్టి నిరుడు టోర్నమెంటులో ఫ్రీగా ఇచ్చిన నిమ్మపండు రంగు జెర్సీ, వీపు మీద స్పాన్సర్ పేరుతో సహా, నిషిద్ధం. నల్లదో ముదురు నీలందో వేసుకోవాలి. ఎర్ర టెన్నిస్ బంతితో ఆడుతుంటే మెడలో ఎర్ర తువ్వాలు తీసేయాలి. అది పార్టీ కండువా అయితే బంతి ఏ రంగుదైనా తీసేయాలి.

తెల్లకోటు మీద మరీ మోజుంటే ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో వాడిన కోటు ఇంట్లో ఎక్కడో ఉంటుంది. జేబులు పెద్దవి, చూడ్డానికి కూడా గౌరవంగానే ఉంటుంది. కానీ యాసిడ్ పడి జేబుకు చిల్లి పడిందేమో ఒకసారి వేలు పెట్టి చూసుకోవాలి. ఎందుకంటే ఓవర్ లెక్కంతా ఆ జేబులోనే.

లెక్కకు పెద్ద అంపైర్ల దగ్గర క్లిక్కర్లు ఉంటాయి. మనకు చింతపిక్కలు చాలు. అష్టాచెమ్మా ఆడే ఇంట్లో అడిగితే ఇస్తారు. ఆరు తీసుకోవాలి, ఏడోది జేబులో ఉండనే కూడదు. రూపాయి బిళ్లలు వాడొచ్చు గానీ డ్రింక్స్ బ్రేక్ తర్వాత ఓవర్‌కు నాలుగు బంతులే మిగిలే ప్రమాదం ఉంది. ఆరు పిక్కలూ ఎడమ గుప్పిట్లో పెట్టుకుని, బంతి డెడ్ అయ్యాక ఒక్కొక్కటీ కుడి జేబులో వేయాలి. వైడ్‌కు, నోబాల్‌కు పిక్క కదలకూడదు. ఎక్కడ తప్పుతుందంటే, బౌలర్ వెనక్కి నడుస్తూ "ఎన్నయ్యాయన్నా?" అని అడుగుతాడు. జవాబు చెబుతూ చెయ్యి అలవాటుగా ఇంకో పిక్క జేబులో పడేస్తుంది. అడిగితే గుప్పిట విప్పి చూపించాలి, కదపకూడదు. ఇంకో గండం బై, అంటే బ్యాట్‌కూ ఒంటికీ తగలకుండా పోయిన బంతికి తీసిన పరుగు. బై సంజ్ఞకు అరచెయ్యి విప్పి తలపైకి ఎత్తాలి. ఎడమ చెయ్యి ఎత్తారో, మూడు చింతపిక్కలు నెత్తిన అక్షింతల్లా రాలతాయి, ఇరు జట్లూ కలిసి పిచ్ మీద వెతుక్కోవాలి. బై ఎప్పుడూ కుడిచేత్తోనే.

ఇంత చేసినా ఐదు బంతులకే ఓవర్ అని పిలిచేస్తే కంగారు పడనక్కర్లేదు. క్రికెట్ నిబంధనలు రాసే లండన్ క్లబ్బు ఎంసీసీ. ఆ నిబంధనల్లో పదిహేడోది అంపైర్ల పాలిటి అభయహస్తం: అంపైర్ తప్పు లెక్కపెట్టినా ఆయన లెక్కే ఖాయం. ఈ వాక్యాన్ని తెలుగులో, వీలైతే కొంచెం సంస్కృతం కలిపి, కంఠతా పట్టాలి. ఇంగ్లీషులో చెబితే ఎవరో ఒకరు గూగుల్ చేస్తారు.

సంజ్ఞల విషయంలో మన అంపైర్లకు ఉత్సాహం ఎక్కువ, స్పష్టత తక్కువ. వైడ్‌కు రెండు చేతులూ బారచాపాలి, కోడిని తోలినట్టు ఊపకూడదు. డెడ్‌బాల్‌కు మణికట్లు నడుం కింద అటూ ఇటూ దాటించాలి. పైన దాటిస్తే స్కోరర్ సిక్స్ రాసేస్తాడు. లెగ్‌బైకి, అంటే బ్యాట్‌కు కాక ఒంటికి తగిలిన బంతికి తీసిన పరుగుకు, మోకాలు ఎత్తి చేత్తో తాకాలని నిబంధన. లుంగీలో ఉన్న అంపైర్ ఈ నిబంధనను ఎలా పాటిస్తాడో ఎంసీసీ పెద్దలు ఆలోచించినట్టు లేదు. లుంగీలో వచ్చినవాడు లెగ్‌బై ఇవ్వరాదు. ఇవ్వక తప్పకపోతే స్కోరర్ దగ్గరికి నడిచి వెళ్లి చెవిలో చెప్పాలి.

స్కోరర్ అంటే గుర్తొచ్చింది. ప్రతి సంజ్ఞకూ స్కోరర్ చెయ్యెత్తి అందిందని చెప్పేదాకా అంపైర్ తర్వాతి బంతి వేయనివ్వకూడదు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో ఫోన్‌లో స్కోరింగ్ యాప్ నొక్కుతున్న కుర్రాడు తల ఎత్తడు. అతను తల ఎత్తేదాకా చేతులు చాపుకుని నిలబడితే మైకులో కామెంటేటర్ "అంపైర్ గారు ఎందుకో విమానంలా నిలబడ్డారు" అంటాడు. అయినా నిలబడాలి. ఫైనల్లో ఒక్క పరుగు తేడా వచ్చినప్పుడు ఆ విమానమే సాక్ష్యం.

ఇక నడుం. బ్యాట్స్‌మన్ నడుం కన్నా పైకి నేరుగా వచ్చిన ఫుల్‌టాస్ నోబాల్. నడుం ఎక్కడుందన్నదే ప్రశ్న. బ్యాట్స్‌మన్ క్రీజులో నిటారుగా నిలబడితే ప్యాంటు పైఅంచు మామూలుగా ఉండాల్సిన చోటే నడుమని ఎంసీసీ రాసుకుంది. మామూలుగా ఉండాల్సిన చోట ప్యాంటు కట్టుకునే కుర్రాడిని చూపించమనండి! ట్రాక్ ప్యాంటు తొడల దగ్గర వేలాడుతుంటే బౌలర్ దాన్ని చూపించి "నడుం అక్కడుందన్నా, దానికన్నా పైనే కదా నువ్వు నోబాల్ ఇవ్వాల్సింది, మరి ఇందాక మాకెందుకివ్వలేదు" అని తన బ్యాటింగ్ నాటి నోబాల్ ఇప్పుడు అడుగుతాడు. బ్యాట్స్‌మన్ కొట్టడానికి వంగి, వంగిన నడుం లెక్క చెబుతాడు. అంపైర్ టాస్ దగ్గరే ఇద్దరు కెప్టెన్లనూ నిటారుగా నిలబెట్టి, బొడ్డు చూపించి, "ఇదీ ఇవాళ్టి నడుం" అని ప్రకటించడం ఉత్తమం. ఎల్బీ (వికెట్లకు తగలాల్సిన బంతికి కాలు అడ్డుపడితే అవుట్) ఉందా లేదా, ట్రయల్ బాల్ (లెక్కలోకి రాని మొదటి బంతి) ఉందా, ప్రహరీ గోడ తగిలితే ఫోరా సిక్సా కూడా అప్పుడే తేలిపోవాలి. ఆట మధ్యలో తేల్చే నియమాలు బ్యాట్ ఎవరిదో దాన్నిబట్టి తేలతాయి.

నోట్లో పాన్, గుట్కా, చివరికి వేరుశనక్కాయలు కూడా ఉండరాదు. ఇది నీతికి సంబంధించిన విషయం కాదు. బౌలర్ గీత దాటితే నోబాల్ అన్న పిలుపు బంతి బ్యాట్స్‌మన్‌ను చేరకముందే అతని చెవిన పడితే, భయం లేకుండా ఊపుకునే అవకాశం అతనికి దొరుకుతుంది. పాన్ ఊసి పిలిచేసరికి అతను పెవిలియన్‌లో, అంటే ఆ చింతచెట్టు కింద, ఉంటాడు.

కీపర్ క్యాచ్ అసలు పరీక్ష. కార్క్ బంతి బ్యాట్ అంచుకు తగిలితే ఠక్కున వినబడుతుంది. టెన్నిస్ బంతి మెత్తన, పైగా నూగు. సన్నగా తగిలితే శబ్దమే ఉండదు, బాక్సు స్పీకర్లలో డీజే పాట ఉండనే ఉంది. అందుకని చెవిని నమ్మకుండా బ్యాట్ దాటాక బంతి దారి మారిందా లేదా చూడాలి. తల కదిలిస్తే అది కనబడదు. బౌలర్ పాదం చూసి, వెంటనే చూపు ఎత్తి, ఆపైన మెడ బిగబట్టాలి. అప్పీలు రాకుండా వేలు లేపరాదు. నిబంధన కూడా అదే. అత్యుత్సాహంతో ముందే వేలు లేపి, బౌలింగ్ జట్టే "ఏంటన్నా, తగల్లేదుగా" అన్న సందర్భాల్లో ఆ వేలితో చెవి గోక్కోవడం సంప్రదాయం.

వేలు నిదానంగా లేవాలి. వెస్టిండీస్ అంపైర్ స్టీవ్ బక్నర్ తీర్పుల మీద మనకెన్ని గొడవలున్నా, ఆయన నిలబడి ఆలోచించి, తలాడించి, ఆపైన వేలు లేపేసరికి అప్పీలు చేసినవాళ్లకే అనుమానం వచ్చేది. ఎదురు ఉదాహరణ 1986 సెప్టెంబరు 22, మద్రాసు చెపాక్ మైదానంలో ఇండియా, ఆస్ట్రేలియా టెస్టు. ఆఖరి ఓవర్ ఐదో బంతికి మణిందర్ సింగ్ ఎల్బీ అని అంపైర్ విక్రమ్‌రాజు వేలు లేపారు, టెస్టు చరిత్రలో రెండో టై అయింది. బ్యాట్‌కు తగిలిందని మణిందర్ ఆ తర్వాతా అంటూనే ఉన్నాడు. విక్రమ్‌రాజు మాత్రం మళ్లీ టెస్టుకు నిలబడలేదు. న్యూజిలాండ్ అంపైర్ బిల్లీ బౌడెన్‌ను చూసి వేలు కొక్కెంలా వంచే కుర్ర అంపైర్లకు ఒక మనవి: ఆయనది కీళ్లవాతం, మీది యూట్యూబ్.

వేలు పైకే ఉండాలి, ఎదుటివాడి ముఖానికేసి ఉండకూడదు. 1987లో ఫైసలాబాద్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ గ్యాటింగ్, అంపైర్ షకూర్ రాణా ఒకరి మీదికి ఒకరు వేలు చూపించుకున్నారు. రాణా క్షమాపణ పత్రం అడిగాడు. అది వచ్చేదాకా ఒక రోజు ఆట పోయింది. వాళ్లది ఐదు రోజుల మ్యాచ్ కాబట్టి సరిపోయింది. మనది ఎనిమిది ఓవర్లు, పైగా ఐదింటికి గేదెలు గ్రౌండ్‌కు వస్తాయి.

రనౌట్‌కు కాళ్లు కావాలి. బంతి ఏ పక్కకు వెళ్లిందో ఆ పక్కకు నాలుగడుగులు పరుగెత్తి, గీతకు సూటిగా పక్కన ఆగాలి. వికెట్ల వెనకే నిలబడితే గీత దాటని బ్యాట్ కూడా దాటినట్టే కనబడుతుంది. పరుగెత్తుతూ చూడకూడదు, ఆగి చూడాలి. హవాయి చెప్పులతో ఈ పని జరగదు. రెండో అడుగుకే ఉంగటం ఊడుతుంది, అంపైర్ చెప్పు వైపు, ఇరవై రెండు మంది అంపైర్ వైపు చూస్తుంటారు. లెగ్ అంపైర్‌గా నిలబెట్టిన కుర్రాడు బ్యాటింగ్ జట్టువాడు, పైగా రీల్స్ చూస్తుంటాడు. అతని సాయం కోరితే "నాటౌట్" అని ముందు చెప్పి, తర్వాత ఏం జరిగిందని అడుగుతాడు.

తటస్థత గురించి ఒక ముక్క. పాకిస్తాన్, వెస్టిండీస్‌ల లాహోర్ టెస్టుకు 1986లో తటస్థ అంపైర్లు కావాలంటే హైదరాబాద్ నుంచి వి.కె. రామస్వామి వెళ్లారు, తోడుగా ఇంకో భారత అంపైర్ పిలూ రిపోర్టర్. మనకు అంత దూరం నుంచి రప్పించే స్తోమత లేదు. పక్క ఊరి నుంచి తెద్దామంటే ఆయన ఈ ఊరి అల్లుడై ఉంటాడు. కనీసం మజ్జిగ విషయంలోనైనా సమన్యాయం పాటించాలి. ఒక జట్టు దగ్గర గ్లాసు తాగితే రెండో జట్టు దగ్గరా తాగాలి, దాహం లేకపోయినా సరే. బిర్యానీ మాత్రం ఫైనల్ అయ్యాకే, అదీ మిగిలితే.

ఆఖరి బంతి పడ్డాక "టైమ్" అని పిలిచి బెయిల్స్ తీయాలి. బెయిల్స్ లేకపోతే స్టంపులు ఎవరివో వాళ్లకు ఇచ్చేయాలి. బండి పొద్దున్నే రోడ్డుకు ఎదురుగా తిప్పి పెట్టి ఉండాలి. తాళం వెనక జేబులో ఉండాలి, కుడి జేబులో చింతపిక్కల మధ్య కాదు.