వంటింట్లో కూర్చున్నా మన్‌హట్టనే

వేరే రాష్ట్రంలో ఉంటూ న్యూయార్క్‌లో సంపాదించేవాళ్లు నింపే న్యూయార్క్ నాన్-రెసిడెంట్ పన్ను ఫారానికి తోకలా ఐటీ-203-బి అని ఇంకో కాగితం ఉంటుంది. న్యూజెర్సీ ఎడిసన్‌లో కాపురం, మన్‌హట్టన్‌లో ఆఫీసు ఉన్న తెలుగువాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. ఏడాదిలో శనాదివారాలెన్ని, సెలవులెన్ని, జ్వరమొచ్చి పడుకున్న రోజులెన్ని అని ఓపిగ్గా అడుగుతుంది. ఆ తర్వాత న్యూయార్క్ బయట ఎన్నాళ్లు పనిచేశావు నాయనా అంటుంది. పర్వాలేదే, న్యాయం తెలిసినవాళ్లే అని మనం సంబరపడేలోపే కింది వరుస వస్తుంది: అందులో ఇంట్లో కూర్చుని చేసినవెన్ని? అంకె వేయగానే ఆ రోజులన్నీ మళ్లీ న్యూయార్క్ ఖాతాలోకే. బొమ్మ పడినా వాళ్లదే, బొరుసు పడినా వాళ్లదే.

ఆ వరుస రాసిన మహానుభావుడికి ఏ బిరుదిచ్చినా తక్కువే.

దీని వెనకున్న సూత్రం మహా గంభీరమైనది. ఇంటి నుంచి పనిచేయడం యజమాని అవసరమా, నీ సౌకర్యమా? సౌకర్యమే అయితే నువ్వు న్యూయార్క్‌లో ఉన్నట్టే లెక్క. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్, మ్యూట్‌లో మీటింగ్, పక్కన కుక్కర్ మూడో విజిల్. పన్ను లెక్కలో అది మన్‌హట్టన్. చెత్తబండి న్యూజెర్సీది, పిల్లల బడి న్యూజెర్సీది, జీతం మీద మొదటి ముద్ద న్యూయార్క్‌ది. 2020లో ఆఫీసులకు తాళాలేసినప్పుడూ ఈ లెక్క మారలేదు. కరోనా కూడా మన సౌకర్యం కోసమే వచ్చిందన్నమాట.

అవసరమని నిరూపించుకునే దారే లేదనకండి. పన్నుశాఖ 2006 మెమోలో చక్కటి ఉదాహరణ ఇచ్చింది. ఉద్యోగంలో భాగంగా కొత్త కార్లను పరీక్షించే ట్రాక్ కావాలి, న్యూయార్క్ ఆఫీసులో అది లేదు, మీ ఇంటి దగ్గర ఉంది. అప్పుడు ఒప్పుకుంటారట. ఇంకేం కావాలి! మనవాడు టెస్టింగ్‌లోనే ఉన్నాడు కదా. టౌన్‌హౌస్ వెనక తులసికోట జరిపి ట్రాక్ వేయించాలి. గడ్డి రెండంగుళాలు పెరిగితేనే నోటీసు పంపే హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లకు, ఇది సరదా కాదు మహాప్రభో, పన్ను ప్రణాళిక అని నచ్చజెప్పాలి. కారు లేకపోతే పిల్లాడి సైకిల్ తిప్పి రీడింగులు రాయొచ్చు. హైదరాబాద్ నుంచి వచ్చిన అత్తగారు పొద్దున్నే ఆ ట్రాక్ మీద వాకింగ్ చేస్తే అది సొంత వాడకం అవుతుందా అన్నది పన్ను లెక్కలు చూసే సీపీఏని అడగాలి. ఆయన ఆ ప్రశ్నకు వేరే బిల్లు వేస్తాడు.

మిగతా రాష్ట్రాలు మాత్రం తక్కువ తిన్నాయా? గదిలో నలుగురితో సర్దుకునే బ్రహ్మచారిని ఒహాయో రిటర్ను స్కూల్ డిస్ట్రిక్ట్ నంబరు అడుగుతుంది. 401కె అనే రిటైర్మెంటు ఖాతాలో దాచుకున్నదాన్ని పెన్సిల్వేనియా దాచుకున్నట్టే చూడదు, హెచ్‌ఎస్‌ఏ అనే వైద్య ఖర్చుల ఖాతాలో వేసినదాన్ని న్యూజెర్సీ గుర్తించదు. 1991లో లాస్ ఏంజెలెస్ వచ్చి లేకర్స్‌ను ఓడించిన మైకేల్ జోర్డాన్ బాస్కెట్‌బాల్ జట్టు చికాగో బుల్స్ మీద కాలిఫోర్నియా పన్నేస్తే, ఉడుక్కున్న ఇల్లినాయిస్ ఎదురు పన్ను చట్టం చేసింది. అదే వరసలో 2023లో న్యూజెర్సీ, న్యూయార్క్ సూత్రాన్నే న్యూయార్క్ మీదికి తిప్పింది. పన్ను దగ్గర మైకేల్ జోర్డానూ మన కన్సల్టెంటూ ఒకటే. కాకపోతే జోర్డాన్ అర్ధరాత్రి కూర్చుని డబ్ల్యూ-2 జీతం పత్రంలోని అంకెలు టైప్ చేసి ఉండడు.

ప్రాజెక్టు ఎక్కడన్నది ఆ కన్సల్టెంటు చేతిలో ఉందా? మార్చిలో ఒహాయో కొలంబస్ అంటే కొలంబస్, ఆగస్టులో పెన్సిల్వేనియా హారిస్‌బర్గ్ అంటే హారిస్‌బర్గ్. పెట్టె సర్దుకుని పోయినందుకు రాష్ట్రానికో రిటర్ను, రిటర్నుకో సాఫ్ట్‌వేర్ ఫీజు. ఆ అంకెలు ఆ రాష్ట్రాల దగ్గర ముందే ఉన్నాయి! జీతంలోంచి కోసుకున్నదే వాళ్లు. తమ దగ్గరున్నదాన్నే మళ్లీ మనచేత కొట్టించుకుని, తప్పు పోతే జరిమానా, వడ్డీ. హెచ్-1బి వాడికి ఓటు లేదు, అడిగే నోరూ లేదు. ఎప్పటికైనా పౌరసత్వం దాకా వస్తే, రాష్ట్ర పన్ను బకాయిలున్నాయా అన్న ప్రశ్న ఆ ఫారంలో కాచుకుని ఉంటుంది. అందుకే పన్నుశాఖ కవరు కనబడితే చాలు, తప్పు లేకపోయినా టెన్షన్‌తో డబ్బు కట్టేస్తాడు. ఇలా భయపెట్టి లాగడానికి సిగ్గుండాలి.

ఒక రాష్ట్రంలో 30 రోజులు మించి పనిచేయనివాణ్ని వదిలేయండని అమెరికా కాంగ్రెస్‌లో ఓ బిల్లు ఉంది. 2012, 2016, 2017లో ప్రతినిధుల సభ దాటింది, సెనేట్ దాటలేదు. పోనీ కోర్టుకెళ్దామా? కనెక్టికట్ ఇంట్లో కొన్ని రోజులు పనిచేసి, న్యూయార్క్‌లో పాఠాలు చెప్పే ప్రొఫెసర్ ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ ఆ పనీ చేశాడు. 2003లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానంలో ఓడిపోయాడు. ఆయన చెప్పే పాఠం పన్ను చట్టమే.